డోప్ టెస్టు ఫెయిలైన తర్వాత: తిరుపతి, చిత్తూరు ఎంఎంఏ ఫైటర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు, మదనపల్లె, పుత్తూరు జిమ్ముల్లో ఎంఎంఏ నేర్చుకుని చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ పోటీల్లో దిగుతున్నవాళ్ళ కోసం, వాళ్ళ కోచ్‌ల కోసం, ఇంట్లోవాళ్ళ కోసం ఈ పేజీ. ఎంఎంఏ అంటే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్. పాజిటివ్ వచ్చినవాళ్ళలో తెలిసే స్టెరాయిడ్ సూది వేయించుకున్నవాళ్ళుంటారు, దగ్గు మందు తాగి ఇరుక్కున్నవాళ్ళూ ఉంటారు. రూలు మొదట ఇద్దరినీ ఒకే గీత మీద నిలబెడుతుంది. తేడా చూపించుకోవాల్సింది ఫైటరే. అది చూపించేది కన్నీళ్ళు కాదు, కాగితాలు. అందుకే కింద చాలా జవాబులు బిల్లు, చీటీ, తేదీ, బ్యాచ్ నంబరు దగ్గరికే వస్తాయి.

నేను ఆడేది ప్రైవేటు ప్రమోషన్‌లో (ఫైట్లు నిర్వహించే కంపెనీలో). నాకు టెస్టు చేసే హక్కు ఎవరికి ఉంది?

ముందు మీరు సంతకం పెట్టిన కాంట్రాక్టు తీసి చదవండి. అమెరికాలో నెవాడా, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో ఫైటర్‌కు లైసెన్సు ఇచ్చేదీ, తప్పు చేస్తే జరిమానా వేసేదీ ప్రభుత్వ అథ్లెటిక్ కమిషనే. మన దగ్గర ప్రొఫెషనల్ ఎంఎంఏకు అలాంటి కమిషన్ లేదు కాబట్టి కాంట్రాక్టులోని డోపింగ్ పేరానే మీకు చట్టం. ఏ నిషేధిత జాబితా పాటిస్తారు, శాంపిల్ ఏ ల్యాబుకు పోతుంది, ఫెయిలైతే పర్సులో (ఫైట్ ఫీజులో) ఎంత ఆపుతారు, అప్పీలు ఎవరి దగ్గర చేసుకోవాలి అన్న నాలుగు సంగతులు అందులో ఉండాలి. లేకపోతే సంతకానికి ముందే రాతపూర్వకంగా అడగండి. ఫైట్ అయ్యాక అడిగితే వాళ్ళు చెప్పిందే రూలవుతుంది.

మన జిల్లాల్లో చాలామంది ఎంఎంఏతో పాటు బాక్సింగ్, వుషు, కుస్తీ, జూడో పోటీల్లో కూడా ఆడతారు. ఆ ఫెడరేషన్లలో పేరు నమోదైతే మీరు జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా పరిధిలోకి వచ్చినట్టే. నాడా 2005లో ఏర్పడింది, 2022 నాటి జాతీయ డోపింగ్ నిరోధక చట్టంతో దానికి చట్టబద్ధమైన అధికారం వచ్చింది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా ఏటా జనవరి 1 నుంచి అమలు చేసే నిషేధిత జాబితానే నాడా కూడా వాడుతుంది.

అమెరికాలోని పెద్ద ఎంఎంఏ ప్రమోషన్ యూఎఫ్‌సీ సంగతి వేరు. 2015 జులై 1 నుంచి 2023 చివరిదాకా అక్కడ పరీక్షలు అమెరికా సంస్థ యూసాడా చేసింది. 2024 నుంచి కంబాట్ స్పోర్ట్స్ యాంటీ డోపింగ్ అనే కార్యక్రమం నడుస్తోంది. దాని శిక్షల కొలతలు వాడా కొలతలతో పూర్తిగా కలవవు. కాబట్టి యూట్యూబ్‌లో ఎవరికో ఆరు నెలలే పడిందని విని మీకూ అంతేననుకోకండి.

శాంపిల్ ఎలా తీసుకుంటారు? అక్కడ నేను ఏం చూసుకోవాలి?

పిలుపు అందిన క్షణం నుంచి శాంపిల్ ఇచ్చేదాకా మీ పక్కన ఒకరు ఉంటారు. వాళ్ళ కంటిచూపు దాటి వెళ్ళకూడదు. మీ కోచ్‌నో, ఇంకొకరినో తోడు తెచ్చుకునే హక్కు మీకుంది. మూత్రం ఇచ్చేటప్పుడు మీ లింగానికే చెందిన అధికారి నేరుగా చూస్తారు. సిగ్గుపడినా తప్పదు, ఆ రూలు అందరికీ ఒక్కటే.

కావలసింది కనీసం 90 మి.లీ. అందులో 60 మి.లీ. ‘ఏ’ (A) సీసాలోకి, 30 మి.లీ. ‘బీ’ (B) సీసాలోకి మీ చేత్తోనే పోస్తారు. కిట్లు కొన్ని ముందు పెడతారు, మీకు నచ్చినది ఎంచుకోండి. సీలు చెక్కుచెదరకుండా ఉందా, రెండు సీసాల మీదా, మూతల మీదా, ఫారం మీదా ఉన్న నంబరు ఒకటేనా అని చూసుకోండి. తేడా ఉంటే ఆ కిట్ వద్దనండి.

వెయిట్ కట్ (పోటీ బరువుకు దిగడానికి ఒంట్లో నీరు తగ్గించుకోవడం) చేసి ఎండిపోయిన ఒంటితో ఉన్నప్పుడు 90 మి.లీ. రావడానికి గంటలు పట్టొచ్చు. తొందరపడి లీటర్లకొద్దీ నీళ్ళు తాగకండి. మూత్రం పలచబడి సాంద్రత 1.005 కంటే తగ్గితే మళ్ళీ ఇవ్వమంటారు, రాత్రంతా అక్కడే కూర్చోవాల్సి వస్తుంది. సీలున్న నీళ్ళ బాటిల్ మాత్రమే తీసుకుని కొద్దికొద్దిగా తాగండి.

అన్నిటికంటే ముఖ్యం ఆఖర్లో వచ్చే ఫారం. గత 7 రోజుల్లో వాడిన మందులు, సప్లిమెంట్లు అన్నీ అందులో రాయాలి. ఫైట్ గెలిచిన ఊపులో చాలామంది ‘ఏమీ లేదు’ అని రాసి సంతకం పెట్టేస్తారు. తర్వాత ‘ఆ డబ్బా వల్లే వచ్చింది’ అంటే, మరి ఫారంలో ఎందుకు రాయలేదన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. అయితే రాసినంత మాత్రాన మాఫీ కూడా కాదు. యూఎఫ్‌సీ మాజీ చాంపియన్ లియోటో మచిడా 2016లో తాను వాడుతున్న 7-కీటో-డీహెచ్‌ఈఏ అనే సప్లిమెంట్ గురించి ఫారంలో తానే రాశాడు. అది నిషేధిత పదార్థమని అతనికి తెలియదు. 18 నెలలు దూరంగా ఉండాల్సి వచ్చింది.

శాంపిల్ ఇవ్వకుండా వెళ్ళిపోదామన్న ఆలోచనే వద్దు. తప్పించుకోవడానికి, నిరాకరించడానికి కూడా నాలుగేళ్ళ నిషేధం ఉంది.

నోటీసు వచ్చింది. ఈ రోజే ఏం చేయాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివేటట్టయితే ఇది చదవండి.

మొదట, ఎవరికీ ఫోన్ చేసి వివరణలు ఇవ్వకండి, ఇన్‌స్టాలో ఏమీ పెట్టకండి. కోపంలో పెట్టిన పోస్టు తర్వాత విచారణలో మీకే అడ్డొస్తుంది. నోటీసు అందిన తేదీ, సమయం రాసిపెట్టుకోండి, గడువులన్నీ అక్కడి నుంచే లెక్క. లేఖలో పదార్థం పేరు, అది ‘స్పెసిఫైడ్’ రకమా (ఆట కోసం కాకుండా వేరే కారణంతో ఒంట్లోకి చేరే వీలు ఎక్కువని జాబితాలో విడిగా గుర్తించినది) కాదా, బీ శాంపిల్ కూడా పరీక్షించమని అడగడానికి ఆఖరి రోజు ఎప్పుడు అన్నవి ఉంటాయి.

తర్వాత ఇంట్లో ఉన్న ప్రతి మందు స్ట్రిప్పు, సిరప్ సీసా, ప్రోటీన్ డబ్బా, ప్రీ-వర్కౌట్ పొడి ఒకచోట పెట్టండి. ఖాళీవి కూడా పారేయకండి. భయంతో అమ్మ చెత్తబుట్టలో పడేసిన ఖాళీ డబ్బానే మీకున్న ఒకే ఒక్క సాక్ష్యం కావచ్చు. ప్రతిదానికీ బ్యాచ్ నంబరు, తయారీ తేదీ కనిపించేలా ఫొటో తీయండి. మెడికల్ షాపుకు వెళ్ళి బిల్లు నకలు అడగండి. యూపీఐలో కట్టి ఉంటే ఆ లావాదేవీ స్క్రీన్‌షాట్ కూడా పనికొస్తుంది. శాంపిల్ ఇచ్చిన రోజు నుంచి వెనక్కి మూడు నెలలు లెక్కపెట్టి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళారో, ఏ సూది వేయించుకున్నారో, ఎవరిచ్చిన షేక్ తాగారో తేదీలతో రాయండి.

పాత తేదీ వేసి చీటీ రాయించుకుందామని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వినొద్దు. దొంగ ప్రిస్క్రిప్షన్ ఇస్తే అది ‘ట్యాంపరింగ్’ అనే రెండో నేరం, దానికి విడిగా నాలుగేళ్ళు. దగ్గు మందుతో మొదలైన కేసు ఇలా జీవితాన్ని మింగేస్తుంది. చీటీ రాసిన డాక్టరు కూడా చిక్కుల్లో పడతారు.

స్పెసిఫైడ్ కాని పదార్థమైతే తాత్కాలిక సస్పెన్షన్ వెంటనే తప్పనిసరి. స్పెసిఫైడ్ అయితే ఆ సస్పెన్షన్‌కు మీరే స్వచ్ఛందంగా ఒప్పుకోవచ్చు. ఒప్పుకోవడం చాలాసార్లు మేలే, ఎందుకంటే ఆ రోజులన్నీ చివరి శిక్షలో తగ్గుతాయి. కానీ ఆ సమయంలో దొంగచాటుగా ఎక్కడో ఒక బౌట్ ఆడారని తేలితే ఆ లెక్కంతా పోతుంది.

ఇంకో గడువుంది. నాలుగేళ్ళు పడే కేసులో, అభియోగ పత్రం అందిన 20 రోజుల్లోగా తప్పు ఒప్పుకుని శిక్షను అంగీకరిస్తే ఒక ఏడాది తగ్గుతుంది. తెలిసే వాడి ఉంటే ఈ 20 రోజులు పోగొట్టుకోకండి. తెలియక జరిగిందని మీ దగ్గర గట్టి సాక్ష్యం ఉంటే మాత్రం, ఒప్పుకునే ముందు డోపింగ్ కేసులు చూసిన లాయరుతో మాట్లాడండి. సివిల్ కేసులు చూసే మామూలు వకీలుకు ఈ రూల్స్ కొత్త.

బీ శాంపిల్ తెరిపిస్తే బయటపడతామా?

చాలా అరుదు. ఏ, బీ రెండూ ఒకేసారి ఇచ్చిన మూత్రమే కాబట్టి ఫలితం సాధారణంగా అదే వస్తుంది. ఖర్చు మీది. బీలో రాకపోతే కేసు అక్కడితో ముగుస్తుంది. శాంపిల్ తీసుకోవడంలో సీలు, నంబరు వంటి లోపం నిజంగా చూశారంటే అడగండి. ‘ఏదో ఒకటి జరగకపోతుందా’ అన్న ఆశతోనే అయితే ఆ డబ్బు లాయరుకు, సప్లిమెంట్ పరీక్షకు దాచుకోండి. దేశంలో ఈ పరీక్షలు చేసేది న్యూఢిల్లీలోని జాతీయ డోప్ టెస్టింగ్ ల్యాబొరేటరీ. దాని గుర్తింపును వాడా 2019 ఆగస్టులో నిలిపేసి, 2021 డిసెంబరులో మళ్ళీ ఇచ్చింది. ఆ మధ్యకాలపు కథలు చెప్పి ఇప్పటి ఫలితాన్ని కొట్టేయించలేరు.

ఎన్నేళ్ళు పడుతుంది?

వాడా కోడ్ ప్రకారం అనబాలిక్ స్టెరాయిడ్, ఎర్ర రక్తకణాలను పెంచే ఈపీఓ వంటి నాన్-స్పెసిఫైడ్ పదార్థానికి నాలుగేళ్ళు. కావాలని వాడలేదని మీరు నిరూపిస్తే రెండేళ్ళు. స్పెసిఫైడ్ పదార్థానికి రెండేళ్ళు, కావాలని వాడారని అవతలివాళ్ళు నిరూపిస్తే నాలుగు. కలుషిత సప్లిమెంట్ అని తేలితే మందలింపు నుంచి రెండేళ్ళ మధ్యలో, మీ నిర్లక్ష్యం ఎంతన్నదాన్ని బట్టి.

‘ఎవరో నా తిండిలో కలిపారు’ అన్న మాట ఒక్కటే సరిపోదు. కుస్తీ వీరుడు నర్సింగ్ యాదవ్ 2016లో అదే చెప్పాడు. నాడా ప్యానెల్ నమ్మి వదిలేసింది. వాడా అప్పీలు మీద క్రీడల ఆర్బిట్రేషన్ కోర్టు రియో ఒలింపిక్స్ బౌటుకు ముందే నాలుగేళ్ళు నిషేధించింది. ఇక్కడ గెలిచినంత మాత్రాన కేసు అయిపోయినట్టు కాదని అందరికీ గుర్తుండాల్సిన కేసు అది.

గెలిచిన ఫైట్ ఏమవుతుంది?

ఎంఎంఏలో మామూలుగా దాన్ని ‘నో కాంటెస్ట్’ చేస్తారు. గెలుపు రికార్డు నుంచి పోతుంది, ఓడినవాడి ఓటమి కూడా చెరిగిపోతుంది. యూఎఫ్‌సీ ఫైటర్ ఆండర్సన్ సిల్వా 2015 జనవరి 31న నిక్ డియాజ్ మీద గెలిచిన ఫైట్ అలాగే పోయింది. డ్రోస్టానోలోన్ అనే స్టెరాయిడ్ దొరికింది, నెవాడా కమిషన్ ఏడాది సస్పెండ్ చేసి 3,80,000 డాలర్ల జరిమానా వేసింది. 2016లో యూఎఫ్‌సీ 200లో మార్క్ హంట్ మీద గెలిచిన బ్రాక్ లెస్నర్‌కు క్లోమిఫీన్ పాజిటివ్ వచ్చింది. ఫలితం రద్దయింది, 2,50,000 డాలర్లు కట్టాడు, ఏడాది దూరమయ్యాడు.

బెల్టు ఉంటే అదీ పోతుంది. 2017 జులై 29న జాన్ జోన్స్ డేనియల్ కోర్మియర్‌ను నాకౌట్ చేశాడు. ముందు రోజు ఇచ్చిన శాంపిల్‌లో ట్యురినబాల్ అనే స్టెరాయిడ్ ఆనవాలు దొరికింది. ఫలితం నో కాంటెస్ట్ అయింది, బెల్టు కోర్మియర్‌కు తిరిగి వెళ్ళింది, కాలిఫోర్నియా కమిషన్ 2,05,000 డాలర్ల జరిమానాతో లైసెన్సు రద్దు చేసింది. టి.జె. డిల్లషా 2019లో ఈపీఓ దొరికాక బెల్టు తానే వదులుకుని రెండేళ్ళు ఇంట్లో కూర్చున్నాడు.

ఇక్కడ అవతలి మనిషి గురించి ఒక మాట చెప్పాలి. రికార్డులో ఓటమి చెరిగినా, తలకు తగిలిన దెబ్బలు చెరగవు. క్రికెట్లో డోపింగ్ చేస్తే పరుగులు పెరుగుతాయి, ఎంఎంఏలో డోపింగ్ చేస్తే ఎదుటివాడి దవడ విరుగుతుంది. హంట్ ఆ తర్వాత కోర్టుకు వెళ్ళింది ఊరికే కాదు. మన దగ్గర ప్రమోషన్ కాంట్రాక్టుల్లో ఓడిన ఫైటర్‌కు గెలుపు బోనస్ బదిలీ చేసే నిబంధన ఉండాలని మేము గట్టిగా నమ్ముతాం. అడగండి. అడిగేవాళ్ళు పెరిగితేనే పెడతారు.

డబ్బు, ఉద్యోగం సంగతి?

పర్సు మొత్తం ఆపే కాంట్రాక్టులున్నాయి, గెలుపు బోనస్ మాత్రమే ఆపేవీ ఉన్నాయి. స్పాన్సర్ ఒప్పందంలో ‘పరువుకు భంగం’ అనే పేరా ఉంటే వాళ్ళు నోటీసు రోజే తప్పుకోవచ్చు, తీర్పు దాకా ఆగక్కర్లేదు.

వుషు, బాక్సింగ్ వంటి గుర్తింపు ఉన్న ఆటలో దొరికితే నష్టం ఇంకా లోతు. శాంపిల్ తీసిన రోజు నుంచి వచ్చిన పతకాలు, పాయింట్లు, ప్రైజ్ మనీ అన్నీ పోతాయి. ఆ పతకం ఆధారంగా స్పోర్ట్స్ కోటాలో పెట్టిన దరఖాస్తుకు విలువ ఉండదు. నిషేధకాలంలో క్రీడలకు వచ్చే ప్రభుత్వ సాయం కూడా నిలిపేయవచ్చు. సీటో, పోలీసు, రైల్వే ఉద్యోగమో లక్ష్యంగా పెట్టుకున్న ఇంట్లో ఈ ఒక్క కారణం చాలు జాగ్రత్తగా ఉండటానికి.

మెడికల్ షాపులో దొరికే ఏ మందులతో మనవాళ్ళు ఇరుక్కుంటున్నారు?

దగ్గు సిరప్‌తో మొదలుపెడదాం. కఫం కోసం ఇచ్చే చాలా సిరప్‌లలో బ్రోమ్‌హెక్సిన్, గ్వైఫెనెసిన్‌తో పాటు టెర్బ్యుటలిన్ కలిసి ఉంటుంది. టెర్బ్యుటలిన్ పోటీ ఉన్నా లేకున్నా ఎప్పుడూ నిషేధమే. సీసా వెనక చిన్న అక్షరాల్లో ఉండే పేర్లు చదవకుండా తాగకండి. సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌కు పరిమితి ఉంది: 24 గంటల్లో 1,600 మైక్రోగ్రాములు, ఏ 8 గంటల్లోనైనా 600 దాటకూడదు. ఒక పఫ్ 100 మైక్రోగ్రాములైతే ఎనిమిది గంటల్లో ఆరు పఫ్‌లు. అదే మందు సిరప్‌గానో మాత్రగానో తాగితే ఈ మినహాయింపు లేదు.

రెండోది లాసిక్స్, అంటే ఫ్యూరోసెమైడ్. వెయిట్ కట్‌లో చివరి కిలో దిగడానికి షాపులో చీటీ లేకుండా కొని మింగేస్తారు. ఇది కూడా ఎప్పుడూ నిషేధమే, ఎందుకంటే మూత్రాన్ని పలచన చేసి వేరే పదార్థాలను దాచేస్తుంది. పైగా పొటాషియం పడిపోయి కండరాలు పట్టేస్తాయి, గుండె లయ తప్పుతుంది. బీపీ మాత్రల్లో ఉండే హైడ్రోక్లోరోథయజైడ్, మొటిమలకు, పీసీఓడీకి ఇచ్చే స్పైరోనోలాక్టోన్ ఇదే జాతి.

మూడోది డెక్సామెథసోన్, బీటామెథసోన్. లావెక్కడానికో, ఒళ్ళు నొప్పులకో ఆర్ఎంపీ దగ్గర ఇచ్చే రంగురంగుల మాత్రల పొట్లంలో ఇవి తరచు ఉంటాయి. నోటి ద్వారా, సూది ద్వారా తీసుకునే ఈ గ్లూకోకార్టికాయిడ్లు పోటీ సమయంలో నిషేధం, 2022 నుంచి కీలులోకి వేసే సూదులు కూడా అందులోకి వచ్చాయి. పోటీ సమయం అంటే పోటీ ముందురోజు రాత్రి 11:59 నుంచి లెక్క. కానీ మందు ఒంట్లోంచి పోవడానికి రోజులు పడుతుంది: డెక్సామెథసోన్ మాత్రకు 3 రోజులు, కండకు వేసిన సూదికి 5 రోజులు, ట్రైయామ్సినలోన్ కండకు వేస్తే ఏకంగా 60 రోజులు. మోకాలికి సూది వేయించుకునే ముందు ఆ మందు పేరు చీటీ మీద రాయించుకోండి.

నొప్పికి వాడే ట్రమడాల్ 2024 జనవరి 1 నుంచి పోటీ సమయంలో నిషేధం. గుండె రోగులకిచ్చే ట్రైమెటజిడిన్, పిల్లల కోసం చికిత్సలో మగవాళ్ళకు ఇచ్చే క్లోమిఫీన్ ఎప్పుడూ నిషేధం. పెళ్ళయిన ఫైటర్ ఆస్పత్రిలో ఆ చికిత్స మొదలుపెట్టే ముందు డాక్టరుకు తన ఆట సంగతి చెప్పాలి. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్, సెట్రిజిన్, మామూలు యాంటీబయాటిక్స్‌తో భయం లేదు.

పేరు సందేహంగా ఉంటే నాడా వారి ‘నో యువర్ మెడిసిన్’ యాప్‌లో వెతకండి, ఫలితం స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. ‘షాపు అన్న ఏం కాదన్నాడు’ అన్నది విచారణలో చెల్లదు.

బరువు చూపించాక గ్లూకోజ్ ఎక్కించుకోవచ్చా?

వద్దు. 12 గంటల్లో 100 మి.లీ. దాటి నరంలోకి ఏది ఎక్కించినా, అది ఉత్త సెలైన్ అయినా, నిషేధిత పద్ధతే. వీధి క్లినిక్‌లో ఎక్కించే బాటిల్ 500 మి.లీ. అందులో ఏముందన్నది కాదు, ఎంత ఎక్కిందన్నదే ప్రశ్న. ఆస్పత్రి చికిత్సలో భాగంగా అవసరమై ఎక్కించినదానికి మాత్రం మినహాయింపు ఉంది. కళ్ళు తిరిగి పడిపోతే ఫైట్ గురించి ఆలోచించకుండా రుయాకో స్విమ్స్‌కో వెళ్ళండి. అడ్మిషన్ చీటీ, కేస్ షీట్, డిశ్చార్జ్ సమ్మరీ దాచండి. అంత దాకా వచ్చినవాడు మర్నాడు కేజ్‌లోకి దిగకూడదన్నది మా ఖచ్చితమైన అభిప్రాయం.

మామూలుగా కోలుకోవడానికి ఓఆర్ఎస్ చాలు. పెద్ద ప్యాకెట్ ఒకటి సరిగ్గా లీటరు నీళ్ళలో కలిపి గుక్కగుక్కగా తాగండి. సగం నీళ్ళలో చిక్కగా కలిపితే విరేచనాలు పట్టుకుంటాయి. ఒక్క రాత్రిలో తిరిగి రానంత నీరు పిండేయాల్సి వస్తోందంటే మీరు ఎంచుకున్న వెయిట్ క్లాసే తప్పు.

జిమ్‌లో ‘స్టామినా సూది’ అంటున్నారు. ఏమిటది?

ఎక్కువగా మెఫెంటర్మిన్. ఆపరేషన్ సమయంలో బీపీ పడిపోతే డాక్టర్లు వాడే మందు అది. పోటీ సమయంలో నిషేధం, అదీ నాన్-స్పెసిఫైడ్ జాబితాలో, అంటే నాలుగేళ్ళ లెక్క. గుండె వేగం, బీపీ అదుపు తప్పుతాయి, అలవాటు పడితే మానడం కష్టం. ఇక నాండ్రోలోన్ అనే స్టెరాయిడ్ సూది ఆనవాళ్ళు నెలల తరబడి మూత్రంలో కనిపిస్తూనే ఉంటాయి. ‘ఫైట్‌కు రెండు నెలల ముందు ఆపేస్తే చాలు’ అని చెప్పేవాడికి శిక్ష పడదు, మీకు పడుతుంది. శాంపిళ్ళు పదేళ్ళ దాకా దాచి, కొత్త పద్ధతులతో మళ్ళీ పరీక్షించే వీలు కూడా ఉంది.

సూది వేసింది కోచే అయితే, అతనికి నాలుగేళ్ళ నుంచి జీవితకాలం దాకా నిషేధం పడొచ్చు. ఎవరిచ్చారో చెప్పి దర్యాప్తుకు నిజంగా సాయపడితే మీ శిక్షలో కొంత భాగం నిలిపేసే అవకాశం ఉంది. గురువు పేరు చెప్పడం ద్రోహమనుకునే పిల్లలున్నారు. పదిహేడేళ్ళ వాడికి సూది పొడిచిన మనిషికి ఆ గౌరవం దక్కాల్సిన పని లేదు.

ప్రోటీన్ డబ్బాలో కలిసి ఉందని ఎలా నిరూపించాలి?

తెరిచిన డబ్బా ఒక్కటి చాలదు, ‘మీరే కలిపారు’ అంటారు. అదే బ్యాచ్ నంబరున్న సీలు విప్పని డబ్బా కావాలి. రెండిట్లోనూ అదే పదార్థం దొరికితే మీ వాదన నిలబడుతుంది. అందుకే వాడే ప్రతి బ్యాచ్ నుంచి ఒకటి పక్కన పెట్టుకోవడం మంచి అలవాటు. ఖర్చయితే అవుతుంది. కుదరకపోతే బిల్లు, బ్యాచ్ ఫొటో అయినా ఉంచండి. యూఎఫ్‌సీ ఫైటర్ యోయెల్ రొమేరో 2016లో ఇలా డబ్బాలో ఇబుటామోరెన్ అనే నిషేధిత పదార్థం ఉందని చూపించగలిగాడు కాబట్టి ఆరు నెలలతో బయటపడ్డాడు. అదే ఏడాది జాన్ జోన్స్ కూడా తాను మింగిన శృంగార మాత్ర కలుషితమైందని చూపించాడు. అయినా అది ఎక్కడిదో, అందులో ఏముందో పట్టించుకోలేదని ప్యానెల్ పూర్తి ఏడాదీ ఉంచింది. కలుషితమని తేలడం ఒకటి, మీరు జాగ్రత్తపడ్డారని తేలడం ఇంకొకటి.

డబ్బా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఆహార లైసెన్సు మాత్రమే, డోపింగ్ హామీ కాదు. ఇన్ఫార్మ్డ్ స్పోర్ట్, ఎన్‌ఎస్‌ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్ వంటి గుర్తులు బ్యాచ్ పరీక్షకు సంబంధించినవి. గుర్తు ఉండటమే కాదు, మీ బ్యాచ్ నంబరు వాళ్ళ సైట్‌లో ఉందో లేదో చూడండి. విడి పొట్లాల్లో అమ్మే ‘ఇంపోర్టెడ్ వే’ జోలికి పోకండి. ఉలవలు, గుడ్లు, వేరుశనగ, చికెన్‌తో కావలసిన ప్రోటీన్ వస్తుంది.

పుత్తూరు కట్టు, నాటు మందులు వాడితే ఇబ్బందా?

పైపై కట్టుతో ఇబ్బంది లేదు. దాంతో పాటు వాపు తగ్గడానికి ఎవరైనా సూదో మాత్రో ఇస్తేనే చిక్కు, పేరు అడగండి. నోట్లోకి పోయే నాటు మందుల్లో పేరు రాసి ఉండని పొడులు, లేహ్యాలు దూరం పెట్టండి. ఒక్కరోజులో నొప్పి మాయం చేసే పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉండే ప్రమాదం ఎక్కువ.

తిరుమల దర్శనం కోసం నెలసరి వాయిదా మాత్ర వేసుకున్నాను. పాజిటివ్ వస్తుందా?

ఆ మాత్రల్లో సాధారణంగా ఉండేది నోరెథిస్టెరోన్. అది నిషేధితం కాదు. అయితే దాని వల్ల మూత్రంలో నాండ్రోలోన్ ఆనవాలు అయిన 19-నార్‌ఆండ్రోస్టెరోన్ కొద్ది మోతాదులో కనిపించవచ్చు. ల్యాబుకు ఈ సంగతి తెలుసు, నోరెథిస్టెరోన్ వాడారో లేదో విడిగా చూస్తారు. మాత్ర పేరు, మొదలుపెట్టిన తేదీ ఫారంలో రాయండి. అక్కడ మగవాళ్ళున్నారని మొహమాటపడి వదిలేయకండి.

గంజాయి?

యూఎఫ్‌సీ 2021 నుంచి దీనికి దాదాపు శిక్ష వేయడం లేదు. వాడా, నాడా లెక్కలో మాత్రం పోటీ సమయంలో నిషేధమే. మూత్రంలో మిల్లీలీటరుకు 150 నానోగ్రాముల పరిమితి ఉంది. పోటీకి బయట, ఆటతో సంబంధం లేకుండా వాడారని నిరూపిస్తే మూడు నెలలు, చికిత్స కార్యక్రమం పూర్తిచేస్తే ఒక నెల. ఆటలో శిక్ష చిన్నదైనా మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం కింద పోలీసు కేసు వేరే ఉంటుంది.

నేను నాడా టెస్టింగ్ పూల్‌లో (పోటీ లేని రోజుల్లోనూ పరీక్షించే ఆటగాళ్ళ జాబితాలో) ఉన్నాను. కొండకు వెళ్ళినప్పుడు పరీక్షకు వస్తే?

రోజూ ఉదయం 5 నుంచి రాత్రి 11 మధ్య ఒక గంట ఎక్కడుంటారో ముందే చెప్పాలి. 12 నెలల్లో మూడుసార్లు దొరకకపోయినా, వివరాలు తప్పుగా ఇచ్చినా, అన్నీ కలిపి మూడైతే ఉల్లంఘనే, రెండేళ్ళ దాకా పడుతుంది. తిరుమల క్యూలో ఫోన్ ఉండదు, కంపార్ట్‌మెంటులో ఎన్ని గంటలు పడుతుందో చెప్పలేం. బయలుదేరే ముందే వివరాలు మార్చుకోండి. పడుకునే గదిలో తెల్లవారుజాము 5 నుంచి 6 పెట్టుకోవడం అందరికీ సులువు. కాటేజీ నంబరు తెలిసిన వెంటనే అది కూడా చేర్చండి. ‘తిరుమల’ అని మాత్రమే రాస్తే అధికారి ఎక్కడని వెతుకుతారు?

డాక్టరు తప్పనిసరి అన్న మందు నిషేధితమైతే?

టీయూఈ అనే వైద్య మినహాయింపుకు దరఖాస్తు చేయాలి. పోటీకి కనీసం 30 రోజుల ముందు, రోగ నిర్ధారణ రిపోర్టులతో. దరఖాస్తు అన్నీ సరిగా ఉంటే కమిటీ 21 రోజుల్లో తేల్చాలి. మందు వాడాక ఆ మినహాయింపు పొందే అవకాశం కొన్ని సందర్భాల్లో ఉంది. యూఎఫ్‌సీ మహిళా ఫైటర్ క్రిస్ సైబోర్గ్‌కు 2016 డిసెంబరులో స్పైరోనోలాక్టోన్ దొరికాక, వైద్య కారణం నిజమేనని 2017లో వెనక తేదీతో మినహాయింపు వచ్చింది. ఆమె దగ్గర నిజమైన వైద్య రికార్డు ఉంది కాబట్టే వచ్చింది.

నిషేధంలో జిమ్‌కు వెళ్ళొచ్చా? పిల్లలకు నేర్పొచ్చా?

ఇంట్లో, సొంతంగా కసరత్తు చేసుకోవచ్చు. ఫెడరేషన్‌కు అనుబంధమైన క్లబ్బులో జట్టుతో సాధన, కోచింగ్, రిఫరీ పని, ఇంకో ఆటలో పోటీ ఏదీ కుదరదు. వుషులో నిషేధం పడినవాడు జిల్లా కబడ్డీలో దిగినా ఉల్లంఘనే, మళ్ళీ మొదటి నుంచి అంతే కాలం పడొచ్చు. ఆఖరి రెండు నెలలు, లేదా శిక్షలో చివరి పావు వంతు, ఏది తక్కువైతే అంత కాలం ముందు క్లబ్బు సాధనకు తిరిగి రావచ్చు.

పేపర్లో పేరు వస్తుందా?

తీర్పు ఖరారయ్యాక పేరు, పదార్థం, శిక్ష ప్రకటించడం రూలే. మైనరైతే తప్పనిసరి కాదు. తల్లిదండ్రులు ఆ సంగతి మొదటి ఉత్తరంలోనే అడగాలి. జిల్లా ఎడిషన్‌లో వచ్చేలోపు ఇంట్లోవాళ్ళకు మీ నోటితో చెప్పండి. ఆ వారంలో పిల్లవాణ్ణి ఒంటరిగా వదలొద్దని కోచ్‌లకు మా మనవి. ఆట పోయిందన్న దిగులు ఎంత దూరమైనా తీసుకెళ్తుంది.

జైలుకు పంపుతారా?

డోప్ టెస్టు ఫెయిలైనందుకు మన చట్టంలో ఆటగాడికి జైలు లేదు.

అప్పీలు ఎక్కడ?

జాతీయ స్థాయి కేసులకు నాడా అప్పీల్ ప్యానెల్, అంతర్జాతీయ స్థాయికి స్విట్జర్లాండ్ లోసాన్‌లోని క్రీడల ఆర్బిట్రేషన్ కోర్టు. తీర్పు అందిన రోజు నుంచి 21 రోజులు. ప్రైవేటు ప్రమోషన్ కేసులో కాంట్రాక్టు చెప్పిన చోటే.

శిక్ష ముగిసింది. నేరుగా ఫైట్ ఒప్పుకోవచ్చా?

ముందు ముగింపు తేదీని రాతపూర్వకంగా తెప్పించుకోండి. తాత్కాలిక సస్పెన్షన్ రోజులు కలిశాయో లేదో అందులో తెలుస్తుంది. నిషేధకాలంలో కూడా మీకు పరీక్షలు జరగొచ్చు, అవి కూడా ఎగ్గొట్టకూడదు. మధ్యలో రిటైరైనట్టు ప్రకటించి ఉంటే, తిరిగి రావడానికి ఆరు నెలల ముందు నోటీసు ఇచ్చి పరీక్షలకు సిద్ధంగా ఉండాలి, రిటైరైన రోజుకు మిగిలిన శిక్ష ఆరు నెలల కంటే ఎక్కువైతే అంత కాలం. కొత్త ప్రమోషన్‌కు పాత కేసు దాచకండి, నాడా పేర్లు బయట పెడుతుంది కాబట్టి వెతికితే దొరుకుతుంది. మొదటి ఫైట్‌కు ముందు మీ ఖర్చుతోనైనా సప్లిమెంట్లన్నీ ఆపేసి, వాడే మందుల జాబితా తేదీలతో ఒక నోటు పుస్తకంలో రాయడం మొదలుపెట్టండి. రెండో ఉల్లంఘనకు శిక్ష మొదటిదానికంటే చాలా ఎక్కువ, మూడోదానికి మామూలుగా జీవితకాల నిషేధం.